ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్‌కి ఇన్సూరెన్స్: 4500 మీటర్ల దాకానే అంటున్నారు, మిగతా కొండ ఎవరిది?

గోదారి_గట్టు
అక్టోబర్‌లో ఐదుగురం హైదరాబాద్ నుంచి ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్‌కి వెళ్తున్నాం. ఖాట్మండు ఏజెన్సీ వాళ్లు హెలికాప్టర్ రెస్క్యూ ఉన్న ఇన్సూరెన్స్ తప్పనిసరి, పాలసీ కాపీ పంపితేనే బుకింగ్ ఖాయం అన్నారు. సరే అని మా కారు ఇన్సూరెన్స్ చూసే ఏజెంట్‌ని అడిగితే ఓ ట్రావెల్ పాలసీ పంపాడు. 50 వేల డాలర్ల కవర్, ప్రీమియం చూస్తే చాలా తక్కువ. అందరం సంబరపడ్డాం. రాత్రి కూర్చుని ఆ పీడీఎఫ్ మొత్తం చదివితే ఎక్కడో లోపలి పేజీలో "4500 మీటర్లకు పైన ట్రెక్కింగ్ వర్తించదు" అని ఉంది. బేస్ క్యాంప్ ఎత్తు 5364. ఏ ఎత్తుకి భయపడి పాలసీ కొంటున్నామో ఆ ఎత్తులోనే అది పనిచేయదన్నమాట.

ఏజెంట్‌కి ఫోన్ చేస్తే "అలాంటివి అన్నిట్లోనూ రాస్తారు సార్, క్లెయిమ్ వస్తే నేను చూసుకుంటా" అంటాడు. వెళ్లొచ్చినవాళ్లు ఏం తీసుకున్నారు? ఇంకో సంగతి, మాతో మా బావగారు వస్తున్నారు. 52 ఏళ్లు, షుగర్ మాత్రలు వాడతారు.

తాబేలు77
"నేను చూసుకుంటా" అన్న ఆ ఏజెంట్‌ని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. బేస్ క్యాంప్‌కి ముందు ఆఖరి మజిలీ గోరక్‌షెప్‌లో చూసుకుంటాడు.

నల్లమల_నడక
4500 అంటే డింగ్‌బోచే వరకు అన్నమాట, అది 4410. ఆ తర్వాత లోబుచే 4940, గోరక్‌షెప్ 5164, పైగా తెల్లవారుజామున కాలాపత్థర్ ఎక్కితే 5500 దాటుతారు. నేను చూసిన హెలికాప్టర్లలో ఎక్కువ భాగం లోబుచే, గోరక్‌షెప్ నుంచే లేచాయి. పదును లేని కత్తి కొన్నట్టే ఆ పాలసీ. వద్దు.

కనీసం 6000 మీటర్లు అని స్పష్టంగా రాసి ఉన్నది చూడండి. హెలికాప్టర్‌కి మూడు నుంచి ఐదు వేల డాలర్లు అడుగుతారు, వాతావరణం, ఎక్కే చోటు, సీజన్‌ని బట్టి. 50 వేల కవరా, లక్ష కవరా అన్నది అంత ముఖ్యం కాదు. ఎత్తు ముఖ్యం.

బుల్లెట్_బాబ్జీ
ఇదంతా భయపెట్టి డబ్బు గుంజే వ్యవహారం. నేను బండి మీద లద్దాఖ్‌లో ఖర్దుంగ్‌లా ఎక్కాను, 17,582 అడుగులు. ఏ ఇన్సూరెన్సూ లేదు. వేడి నీళ్లు, వెల్లుల్లి సూప్, నిదానం. అంతే. ఎలాగూ ట్రెక్ కంపెనీలు వాళ్ల ఫీజులోనే ఇన్సూరెన్స్ ఇస్తున్నాయి కదా, మళ్లీ ఇంకోటి ఎందుకు?

ఓరుగల్లు_పిల్ల
@బుల్లెట్_బాబ్జీ అన్నా, ఖర్దుంగ్‌లాలో బండి ఎక్కింది, నువ్వు కూర్చున్నావ్. పైన ఫొటో దిగి అరగంటలో కిందికి దిగిపోతారు. అక్కడ పడుకోవడం వేరు.

పాలసీ_పంతులు
నేను ఈ రంగంలోనే పనిచేస్తాను, కంపెనీ పేరు అడగొద్దు. బాబ్జీ గారి రెండో మాటకి జవాబు చెప్పాలి. ఈ అపోహ చాలామందికి ఉంది.

ట్రెక్ కంపెనీ ఫీజులో కలిపి ఇచ్చేది చాలాసార్లు గ్రూప్ పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ. పేరులోనే ఉంది, యాక్సిడెంట్. కాలు జారి పడ్డారు, రాయి దొర్లి తగిలింది, అది ప్రమాదం. ఎత్తులో ఆక్సిజన్ తగ్గి ఊపిరితిత్తుల్లో నీరు చేరితే అది ప్రమాదం కాదు, జబ్బు. యాక్సిడెంట్ పాలసీ దానికి రూపాయి ఇవ్వదు. కొండ మీద హెలికాప్టర్ ఎక్కేవాళ్లలో చాలామందికి వచ్చేది ఇలా ఎత్తు వల్ల వచ్చే జబ్బే, ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ అంటారు. కాబట్టి "ఇన్సూరెన్స్ ఉంది" అని కంపెనీ అంటే, అందులో ఆల్టిట్యూడ్ సిక్‌నెస్‌కి వైద్య ఖర్చు ఉందా, ఎవాక్యుయేషన్, అంటే కిందికి తరలింపు, ఉందా అని రెండూ విడివిడిగా అడగాలి. సర్టిఫికెట్ కాపీ మీ చేతికి ఇవ్వమనాలి. ఇవ్వకపోతే లేదనుకోండి.

బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే సురక్షా బీమా యోజనదీ అదే దారి. ప్రమాదంలో పోతే రెండు లక్షలు. ఏఎంఎస్‌కి, అంటే ఎత్తు జబ్బుకి, ఏమీ రాదు.

తాబేలు77
రైలు టిక్కెట్‌తో 45 పైసల ఇన్సూరెన్స్ కొన్నాను, పది లక్షలు. గోరఖ్‌పూర్ దాకా నాకేం టెన్షన్ లేదు. అక్కడి నుంచి దేవుడే దిక్కు.

సింహాచలం_సత్తిబాబు
మా ఆఫీసు గ్రూప్ మెడిక్లెయిమ్‌లో "అడ్వెంచర్ స్పోర్ట్స్ కవర్ కాదు" అని ఉందని హెచ్‌ఆర్ చెప్పింది. అంటే మన దేశంలో చేసే ట్రెక్‌లకి కూడా రాదా? డిసెంబర్‌లో ఉత్తరాఖండ్‌లో కేదార్‌కాంఠా అనుకుంటున్నాం.

పాలసీ_పంతులు
@సింహాచలం_సత్తిబాబు మీ హెచ్‌ఆర్ మాట కాదు, పాలసీలో ఉన్న వాక్యం పూర్తిగా చదవండి. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ హెల్త్ పాలసీల్లో మినహాయింపుల భాషని అందరికీ ఒకేలా చేసింది. ఎక్స్‌క్లూజన్ కోడ్ 09 అని ఉంటుంది చూడండి. పారాజంపింగ్, రాక్ క్లైంబింగ్, మౌంటెనీరింగ్, రాఫ్టింగ్, స్కూబా అన్నీ వరసగా రాసి ఉంటాయి. కానీ దాని మొదట్లోనే "ప్రొఫెషనల్‌గా పాల్గొన్నప్పుడు" అన్న మాట ఉంది. అదే వాళ్ల వృత్తి అయినవాళ్లకి ఆ మినహాయింపు. సెలవు పెట్టుకుని సరదాగా కేదార్‌కాంఠాకి వెళ్లే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి కాదు. కాలు విరిగి డెహ్రాడూన్‌లో అడ్మిట్ అయితే మామూలు హెల్త్ పాలసీ ఇవ్వాల్సిందే.

సింహాచలం_సత్తిబాబు
హమ్మయ్య. అయితే ఇంకేం అక్కర్లేదన్నమాట.

ఓరుగల్లు_పిల్ల
ఆగు ఆగు. ఆస్పత్రి బిల్లు ఇస్తారు, సరే. కొండ మీంచి ఆస్పత్రి దాకా తెచ్చే ఖర్చు ఎవరిస్తారు? హెల్త్ పాలసీలో అంబులెన్స్‌కి రెండు మూడు వేల లిమిట్ ఉంటుంది, అదీ రోడ్డు మీద తిరిగే అంబులెన్స్‌కి. నలుగురు మనుషులు స్ట్రెచర్ మోస్తే వాళ్ల కూలి, గుర్రం కిరాయి, ట్రెక్ మొదలయ్యే ఊరు సంక్రీ నుంచి డెహ్రాడూన్‌కి రాత్రిపూట బండి, ఇవి ఏ బిల్లులోకీ రావు.

పాలసీ_పంతులు
నిజమే. సెర్చ్ అండ్ రెస్క్యూ అన్నది విడిగా రాసి ఉంటేనే ఉన్నట్టు. హెల్త్ పాలసీలో ఎయిర్ అంబులెన్స్ యాడ్-ఆన్ ఉన్నా, అది సాధారణంగా ఒక చోటి నుంచి ఆస్పత్రికి వైద్య అవసరం మీద తరలించడానికే. తప్పిపోయినవాళ్లని వెతికే ఖర్చు అందులో ఉండదు.

మరో హెచ్చరిక. ఆ "ప్రొఫెషనల్" అన్న మాట హెల్త్ పాలసీకి సంబంధించింది. ట్రావెల్ పాలసీ, పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ వేరు. వాటిలో ఒక్కో కంపెనీది ఒక్కో భాష. దీన్ని చూసి దాన్ని ఊహించుకోవద్దు. టర్మ్ పాలసీకి తీసుకునే యాక్సిడెంట్ రైడర్‌లో కూడా సాహస క్రీడల మినహాయింపు తరచుగా కనిపిస్తుంది.

బుల్లెట్_బాబ్జీ
ఇంత చదివి ట్రెక్‌కి వెళ్లాలంటే లా డిగ్రీ కావాలి.

మంచుపూల_మాలతి
పోయిన సీజన్‌లో మా అక్కకి లోబుచేలో జరిగింది చెప్తాను, పనికొస్తుంది. డింగ్‌బోచేలో తలనొప్పి అంది, ఎవరికీ చెప్పకుండా నడిచింది. లోబుచేలో రాత్రి దగ్గు మొదలైంది, పడుకుంటే ఊపిరి ఆడక కూర్చుని ఉండిపోయింది. వేలికి పెట్టే మిషన్‌లో ఆక్సిజన్ 62 చూపించింది. గైడ్ అప్పటికప్పుడు హెలికాప్టర్ కంపెనీకి ఫోన్ కొట్టబోయాడు. మా బావ ఆపి, ముందు ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పాలి అన్నాడు. పాలసీ కార్డు మీద ఉన్న 1800 నంబర్ కొడితే కలవదు. నేపాల్ నుంచి మన టోల్ ఫ్రీ నంబర్లు పనిచేయవు! లాడ్జిలో వైఫై కార్డు కొని, హైదరాబాద్‌లో ఉన్న నాకు వాట్సాప్ కాల్ చేశారు. నేను ఇక్కడి నుంచి కాల్ సెంటర్‌కి చేసి, పాలసీ నంబర్, గైడ్ నంబర్, లాడ్జి పేరు ఇచ్చి, ఇద్దరినీ కలిపాను. బీమా కంపెనీ తరఫున ఇలాంటివి చూసే అసిస్టెన్స్ కంపెనీ హెలికాప్టర్ వాళ్లకి పేమెంట్ గ్యారంటీ లెటర్ పంపాకే పొద్దున్నే అది లేచింది.

అర్ధరాత్రి రెండింటికి ఒక చెవిలో కాల్ సెంటర్ సంగీతం, ఇంకో చెవిలో అక్క దగ్గు. అందుకే చెప్తున్నా, పాలసీ కాగితంలో +91 తో మొదలయ్యే మామూలు ల్యాండ్‌లైన్ నంబర్ ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. దాన్ని గైడ్ ఫోన్‌లో కూడా ఎక్కించండి. ఇంటి దగ్గర ఒకళ్లకి పాలసీ కాపీ ఇచ్చి వెళ్లండి.

గోదారి_గట్టు
బాబోయ్. ఇది నాకు తట్టనే లేదు. అక్క ఇప్పుడు ఎలా ఉన్నారు?

మంచుపూల_మాలతి
బాగుంది. ఖాట్మండు దిగిన రెండో రోజుకే మోమోలు అడిగింది.

పాలసీ_పంతులు
మాలతి గారు చెప్పిందే అసలు విషయం. చాలా పాలసీల్లో ఎవాక్యుయేషన్‌కి ముందస్తు అనుమతి షరతు ఉంటుంది. గైడ్ పిలిచిన హెలికాప్టర్‌లో దిగిపోయి, తర్వాత బిల్లు పెడితే "మాకు చెప్పలేదు" అని కొట్టేస్తారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆగమని నేను చెప్పను. అలాంటప్పుడు కూడా ఎక్కిన వెంటనే ఒక్క మెసేజో మెయిలో పెడితే రాతలో ఆధారం ఉంటుంది.

నల్లమల_నడక
ఈ అనుమతి గొడవ ఊరికే రాలేదు. 2018లో నేపాల్ హెలికాప్టర్ల మోసం బయటపడింది. కొంచెం తలనొప్పి అంటే చాలు హెలికాప్టర్ పిలవడం, ఒకే హెలికాప్టర్‌లో నలుగురిని ఎక్కించి నలుగురి ఇన్సూరెన్స్‌లకీ విడివిడిగా పూర్తి బిల్లు వెయ్యడం, గైడ్ నుంచి ఆస్పత్రి దాకా అందరికీ కమీషన్లు. తిండిలో వంటసోడా కలిపి కడుపు చెడగొట్టారన్న ఆరోపణలు కూడా వచ్చాయి. నేపాల్ ప్రభుత్వం విచారణ వేసింది. విదేశీ బీమా కంపెనీలు నేపాల్‌కి కవర్ ఆపేస్తామని బెదిరించాయి. అప్పటి నుంచి ప్రతి బిల్లునీ భూతద్దం పెట్టి చూస్తున్నారు.

కాబట్టి రెండో వైపు కూడా జాగ్రత్త. గైడ్ మరీ తొందరపెడితే, ఒక్క రాత్రి కిందికి దిగి చూద్దాం అని అడగండి. నడవగలిగే స్థితిలో ఉంటే ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ క్లినిక్ ఉంది, సీజన్‌లో డాక్టర్లు ఉంటారు. అక్కడి డాక్టర్ రాసిన కాగితానికి బీమా కంపెనీ దగ్గర బరువు ఉంటుంది.

తాబేలు77
వంటసోడా మాట విన్నాక దాల్ భాత్ మీద కూడా అనుమానం వస్తోంది.

కర్నూలు_డాక్టర్
వైద్యం వైపు నుంచి నాలుగు మాటలు. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మామూలు ఏఎంఎస్. దానికి విశ్రాంతి, ఇంకా పైకి వెళ్లకపోవడం చాలు. విశ్రాంతిగా కూర్చున్నా ఆయాసం, దగ్గులో గులాబీ రంగు నురగ వస్తే ఊపిరితిత్తుల్లో నీరు. తాగినవాడిలా తూలడం, గీత మీద మడమకి వేలు ఆనించి నడవలేకపోవడం, మాట తడబడటం, ఇవి మెదడు వాపు. ఈ రెండిటికీ మొదటి మందు కిందికి దిగడమే, అర్ధరాత్రయినా సరే. హెలికాప్టర్ కోసం తెల్లవారేదాకా చూస్తూ కూర్చోవద్దు. మాలతి గారి అక్క ఆ రాత్రి కూర్చుని గడపడం నాకు భయం వేసింది, 62 మంచి సంఖ్య కాదు.

డయామాక్స్ ముందు జాగ్రత్తకి 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఎత్తు ఎక్కడానికి ముందురోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్లు మీ డాక్టర్‌ని అడక్కుండా వేసుకోవద్దు.

ఇన్సూరెన్స్‌కి కావాల్సింది ఏంటంటే, డిశ్చార్జ్ సమ్మరీలో జబ్బు పేరు స్పష్టంగా ఉండాలి. "అలసట, నీరసం" అని రాస్తే మీ క్లెయిమ్ పని అయిపోయినట్టే. కొండ మీద తీసిన ఆక్సిజన్ రీడింగ్, టైమ్, ఊరు పేరు, ఫొటో తీసి పెట్టుకోండి. తరలించడం వైద్యపరంగా అవసరమైందని డాక్టర్ సంతకం ఉండాలి.

మంచుపూల_మాలతి
@కర్నూలు_డాక్టర్ గారూ, ఆ రాత్రి అక్క నాలుగడుగులు వెయ్యలేకపోయింది. లాడ్జిలో ఆక్సిజన్ సిలిండర్ దొరికింది, అది పెట్టారు. అయినా మీరన్నది నిజమే, మోయించైనా దింపాల్సింది.

బుల్లెట్_బాబ్జీ
సరే, నేపాల్ సంగతి ఒప్పుకుంటా. బండి ట్రిప్‌ల గురించి ఎవరూ మాట్లాడరేం? లేహ్‌లో అద్దె బండి తీసుకున్నా, పడితే ఎవరిది?

పాలసీ_పంతులు
నంబర్ ప్లేట్ చూడండి. అద్దె బండికి నలుపు ప్లేటు మీద పసుపు అంకెలు ఉండాలి. తెల్ల ప్లేటు సొంత బండిని చాటుగా అద్దెకిస్తే, ఇన్సూరెన్స్ సొంత వాడకానికే కాబట్టి కంపెనీ తప్పించుకుంటుంది. మీ ఒంటికి తగిలిన దెబ్బలకి మాత్రం మీ హెల్త్ పాలసీ ఉంది, లైసెన్స్ ఉండి, తాగకుండా ఉంటే.

బుల్లెట్_బాబ్జీ
మనాలీలో తీసుకున్న అద్దె బండిని లేహ్‌లో తిరగనివ్వరు కూడా, యూనియన్‌వాళ్లు ఆపేస్తారు. ఇది ఇన్సూరెన్స్ కాదు గానీ తెలుసుకోండి.

ఆంధ్రా_భోజనం
మా నాన్నగారికి 64. మానససరోవర యాత్ర మళ్లీ మొదలైందని పట్టుబట్టారు. అది ట్రెక్ కాదు, యాత్ర కదా, దానికి మామూలు ట్రావెల్ పాలసీ సరిపోతుందా?

నల్లమల_నడక
కొండకి ఆ తేడా తెలియదు. కైలాస పరిక్రమలో డోల్మా లా కనుమ 5600 మీటర్లకి పైనే, బేస్ క్యాంప్ కంటే ఎక్కువ. విదేశాంగ శాఖ ద్వారా వెళ్తే మీ నాన్నగారి చేత ఇండెమ్నిటీ బాండ్ రాయించుకుంటారు. అవసరమైతే హెలికాప్టర్ తరలింపుకి ఒప్పుకుంటూ హామీపత్రం, ఆఖరికి అక్కడే పోతే చైనా వైపు దహనం చెయ్యడానికి సమ్మతిపత్రం కూడా. అవి ఒకసారి చదివించండి. దాంతో పట్టుదల తగ్గవచ్చు.

ఆంధ్రా_భోజనం
చదివించాను. "అక్కడ పోతే అంతకంటే పుణ్యం ఏముంది" అన్నారు. అమ్మ రెండు రోజులుగా మాట్లాడటం లేదు.

బోస్టన్_బుజ్జి
ఇక్కడ అమెరికాలో, న్యూ హాంప్‌షైర్‌లో ఇంకో పద్ధతి. వైట్ మౌంటెన్స్‌లో నిర్లక్ష్యంగా వెళ్లి ఇరుక్కుంటే రెస్క్యూ ఖర్చు మన దగ్గరే వసూలు చేస్తారు. అందుకని హైక్ సేఫ్ కార్డ్ అని ఏడాదికి 25 డాలర్లకి అమ్ముతారు, కుటుంబానికి 35. అది ఉంటే నిర్లక్ష్యం అని తేలినా బిల్లు వెయ్యరు, కావాలని ఒళ్లు తెలియకుండా చేస్తే తప్ప. అది ఇన్సూరెన్స్ కాదు, ఆస్పత్రి బిల్లు మనదే. ఆఫీసు పిల్లలు స్నీకర్లు వేసుకుని మౌంట్ వాషింగ్టన్ ఎక్కేస్తుంటారు, వాళ్లకి నేనే కొనిస్తుంటాను.

పాలసీ_పంతులు
బుజ్జి గారు చెప్పినట్టే, రెస్క్యూ మెంబర్‌షిప్‌లు అని కొన్ని కంపెనీలు అమ్ముతాయి. అవి మిమ్మల్ని కిందికి దింపుతాయి, ఆస్పత్రి బిల్లు కట్టవు. ట్రావెల్ పాలసీ బిల్లు కడుతుంది, దింపడం పేచీ పెడుతుంది. నిజానికి రెండూ కావాలి. వాటిలో కూడా కొన్నిటికి ఎత్తు పెరిగితే అదనపు ఫీజు ఉంది, చూసుకోండి.

ఓరుగల్లు_పిల్ల
@గోదారి_గట్టు ఇంకో చిన్న మెలిక. మా స్నేహితురాలి పాలసీలో "తాళ్లు లేదా గైడ్‌లు అవసరమయ్యే పర్వతారోహణ వర్తించదు" అని ఉంది. బేస్ క్యాంప్‌కి తాడు అక్కర్లేదు సరే, గైడ్ ఉంటాడుగా? కంపెనీవాడు ఆ "గైడ్" అన్న మాట పట్టుకుంటే?

పాలసీ_పంతులు
మంచి ప్రశ్న. ఈ వాక్యం పాత పాలసీల నుంచి వస్తోంది, గైడ్‌తో తాడు కట్టుకుని ఎక్కేవాళ్ల కోసం రాసింది. ఇప్పుడేమో 2023 ఏప్రిల్ నుంచి నేపాల్‌లో విదేశీ ట్రెక్కర్లకి గైడ్ తప్పనిసరి అన్నారు, ఎవరెస్ట్ ఉన్న ఖుంబు ప్రాంతంలో దాన్ని అంత గట్టిగా అమలు చెయ్యకపోయినా. అంటే చట్టం గైడ్ ఉండాలంటుంది, పాలసీ గైడ్ ఉంటే కుదరదంటుంది! కాబట్టి రాతలో తేల్చుకోవాలి. కంపెనీకి మెయిల్ పెట్టండి, ఏజెంట్‌కి కాదు. ఇలా రాయండి:

"లుక్లా నుంచి ఎవరెస్ట్ బేస్ క్యాంప్, కాలాపత్థర్ వరకు, గరిష్ఠంగా 5645 మీటర్ల ఎత్తుకి, లైసెన్స్ ఉన్న గైడ్‌తో, తాళ్లు, ఐస్ యాక్స్ వాడకుండా నడిచి వెళ్తున్నాం. ఈ పాలసీలో ఆల్టిట్యూడ్ సిక్‌నెస్‌కి వైద్యం, హెలికాప్టర్ తరలింపు వర్తిస్తాయా? పరిమితి ఎంత? ముందస్తు అనుమతికి విదేశం నుంచి ఏ నంబర్‌కి చెయ్యాలి?"

జవాబు మెయిల్‌ని పాలసీతో కలిపి దాచండి. రేపు గొడవైతే ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగం, 30 రోజుల్లో తేలకపోతే బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. రెండు తెలుగు రాష్ట్రాలకీ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఆయన ముందు ఈ మెయిల్ మీ తరఫున మాట్లాడుతుంది.

సింహాచలం_సత్తిబాబు
కాలాపత్థర్ 5545 అని కొన్ని చోట్ల, 5645 అని కొన్ని చోట్ల ఉంది కదా?

పాలసీ_పంతులు
అందుకే పెద్ద అంకె రాయమన్నా.

నల్లమల_నడక
వాతావరణం సంగతి కూడా చూసుకోండి, లుక్లా విమానాలు మబ్బు పడితే రోజుల తరబడి ఎగరవు. సీజన్‌లో చాలా విమానాలు ఖాట్మండు నుంచి కాకుండా రామేఛాప్ నుంచి నడుస్తాయి. విసుగొచ్చి నలుగురు కలిసి హెలికాప్టర్ మాట్లాడుకుంటే ఆ ఖర్చు ఇన్సూరెన్స్ ఇవ్వదు, అది వైద్యం కోసం కాదుగా. రెండు రోజులు అదనంగా పెట్టుకుని రిటర్న్ టిక్కెట్ తీసుకోవడం అన్నిటికంటే చవకైన బీమా.

సింహాచలం_సత్తిబాబు
వాతావరణం అంటే గుర్తొచ్చింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మా విశాఖని ఊడ్చేసింది. మా ఇంటి వాటర్ ట్యాంక్ పక్క వీధిలో దొరికింది. అదే తుపాను మిగిలిన మబ్బు పైకి వెళ్లి రెండు రోజుల తర్వాత నేపాల్‌లో అన్నపూర్ణ సర్క్యూట్ మీద మంచై పడింది. థోరోంగ్ లా కనుమ దగ్గర, చుట్టుపక్కల 40 మందికి పైగా పోయారు. బంగాళాఖాతంలో ఏముందో కూడా చూసి అక్టోబర్ ట్రెక్‌కి బయల్దేరాలి మనం.

తాబేలు77
జోక్ వెయ్యాలనిపించలేదు దీనికి.

మంచుపూల_మాలతి
@గోదారి_గట్టు కాగితాల విషయం ఒకటి. నేపాల్‌కి మనం ఓటర్ కార్డుతో కూడా వెళ్లొచ్చు కదా అని పాస్‌పోర్ట్ ఇంట్లో పెట్టి వెళ్లొద్దు. ట్రావెల్ పాలసీ పాస్‌పోర్ట్ నంబర్ మీదే ఇస్తారు. క్లెయిమ్ ఫారంలో ఎంట్రీ, ఎగ్జిట్ స్టాంపుల పేజీ అడుగుతారు, మనవాళ్లకేమో ఖాట్మండులో స్టాంప్ వెయ్యరు. అక్క క్లెయిమ్ ఇక్కడే మూడు వారాలు ఆగింది. చివరికి బోర్డింగ్ పాస్‌లు, ట్రెక్ పర్మిట్ చూపించాం. బోర్డింగ్ పాస్‌లు పారెయ్యకండి. రోడ్డు మీద సరిహద్దు ఊరు సునౌలీ నుంచి వెళ్లేవాళ్లకి ఇంకా కష్టం.

తాబేలు77
నాదే ఆ రోడ్డు. బస్సు టిక్కెట్ లామినేషన్ చేయిస్తా.

గోదారి_గట్టు
పంతులు గారి మెయిల్ యథాతథంగా మూడు కంపెనీలకి పంపాను. ఒకళ్లు జవాబే ఇవ్వలేదు. ఇంకొకళ్లు "పాలసీ నిబంధనలకు లోబడి సాధారణంగా వర్తిస్తుంది" అని రాశారు. మూడో వాళ్లు అడ్వెంచర్ యాడ్-ఆన్ తీసుకుంటే 6000 మీటర్ల వరకు నడక, గైడ్ ఉన్నా పర్లేదు, తాళ్లు వాడితే కాదు, తరలింపుకి ముందు ఫోన్ తప్పనిసరి అని ఒక్కో ప్రశ్నకీ విడిగా ఇచ్చారు. మొదట ఏజెంట్ చెప్పినదానికి రెండింతలకి పైనే ప్రీమియం.

పాలసీ_పంతులు
రెండోది "సాధారణంగా" అన్నాడు, అంటే ఏమీ అనలేదు. మూడోది తీసుకోండి. బావగారి ప్రపోజల్‌లో షుగర్ సంగతి, మాత్రల పేర్లు తప్పక రాయించండి. ముందు నుంచి ఉన్న జబ్బుకి ట్రావెల్ పాలసీలు ప్రాణాపాయం అయితే తప్ప ఇవ్వవు. కానీ దాచి వెళ్తే, షుగర్‌కి సంబంధం లేని ఊపిరితిత్తుల క్లెయిమ్ కూడా దాని పేరు చెప్పి ఆపేస్తారు.

గోదారి_గట్టు
బావగారు "రాస్తే ప్రీమియం పెంచుతారు, రాయొద్దు" అంటున్నారు. అక్కతో చెప్పించాలి.

కర్నూలు_డాక్టర్
చెప్పించండి. హెచ్‌బీఏ1సీ, ఈసీజీ, కంటి పరీక్ష చేయించి ఆ రిపోర్టులే ప్రపోజల్‌తో పెట్టండి. ఇంకోటి, చలిలో గ్లూకోమీటర్ తప్పు చూపిస్తుంది, ఒక్కోసారి అసలు పనిచేయదు. మీటర్, స్ట్రిప్పులు బ్యాగులో కాకుండా జాకెట్ లోపలి జేబులో, రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోమనండి.

బుల్లెట్_బాబ్జీ
అదే కంపెనీ పేరు నాకు మెసేజ్ పెట్టండి గోదారి గారూ. ఊరికే, చూద్దామని.

ఓరుగల్లు_పిల్ల
😀

పల్నాటి_పిల్లగాలి
ఆలస్యంగా వచ్చా. మేం ఎవరెస్ట్ వైపు కాదు, అన్నపూర్ణ బేస్ క్యాంప్ అనుకుంటున్నాం. 4130 మీటర్లే. గోదారి గారు వద్దనుకున్న ఆ 4500 పాలసీ మాకు సరిపోతుందా?

నల్లమల_నడక
ఎత్తు వరకు సరిపోతుంది. గైడ్ వాక్యం, ఏఎంఎస్, +91 నంబర్ మాత్రం చూసుకోండి.

పల్నాటి_పిల్లగాలి
థాంక్స్. ఓపిక ఉంటే అటునుంచి అటే సర్క్యూట్ వైపు వెళ్లి థోరోంగ్ లా కూడా దాటుదామని ఒకడు అంటున్నాడు.

నల్లమల_నడక
5416. చాలదు.